చిన్న తెర మీద ఊరి పేరు వెతికే దారి: నా అనుభవం

రైతుల నమోదు కోసం తయారవుతున్న ఒక యాప్‌లో, గ్రామం పేరు ఎంచుకునే తెరను రూపొందించే బాధ్యత నాకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాల జాబితా వేలల్లో ఉంటుంది. ఫోన్‌లో కీబోర్డు తెరుచుకున్నాక కనిపించేవి మూడు నాలుగు పేర్లే.

కాంటాక్టుల జాబితాలో ఉన్నట్టు అంచున అక్షరాల పట్టీ పెడదామన్నారు. ఇంగ్లీషు అక్షరాలు 26 కాబట్టి అక్కడ అది నడుస్తుంది. తెలుగు వర్ణమాల దానికి రెట్టింపు కనుక పట్టీలో ఒక్కో అక్షరం వేలికి దొరకనంత సన్నబడుతుంది. పైగా మన ఊళ్ల పేర్లలో ఎన్నో కొత్త, పాత, పెద, చిన అంటూ మొదలవుతాయి కాబట్టి, ఆ అక్షరాల కింద మళ్లీ పొడవాటి జాబితాలే మిగులుతాయి.

జిల్లా, మండలం, గ్రామం వరుసగా అడిగే పద్ధతినీ పరీక్షించాం. చీరాల దగ్గరి పెద్దాయన ఒకరు తన ఊరిని ప్రకాశం జిల్లాలో ఎంతసేపు వెతికినా అది దొరకలేదు, ఎందుకంటే 2022 ఏప్రిల్ 4న చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. సొంత ఊరి పేరు చెప్పగలిగే మనిషిని ముందు జిల్లా చెప్పమనడం అన్యాయమని నాకు ఆ రోజే గట్టిగా అనిపించింది.

అందుకే ఒకే వెతుకు పెట్టెకు వచ్చాం. అసలు శ్రమంతా అక్కడే పట్టింది. ధర్మవరాన్ని 'దర్మవరం' అని రాసినా, 'పెద'ను 'పెద్ద' అని రాసినా, ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు కొట్టినా పేరు దొరకాలి. ఇందుకోసం జాబితాలోని పేర్లనూ, టైపు చేసిన మాటనూ ఒకే సరళ రూపంలోకి మార్చి పోల్చాం: ఒత్తులు తీసేశాం ('ధ'ను 'ద'గా, 'ద్ద'ను 'ద'గా), దీర్ఘాలను హ్రస్వాలు చేశాం, టైపు చేసేటప్పుడు అక్షరాల మధ్య చేరే, కంటికి కనిపించని జోడింపు గుర్తులను తొలగించాం. కొట్టిన మాటతో మొదలయ్యే పేర్లు ముందు, ఆ మాట మధ్యలో ఉన్నవి తరువాత వచ్చేలా అమర్చాం. 'కాకాని' అని కొడితే పెదకాకాని కూడా కనిపించాలి కదా. రాజమండ్రి అన్నవారికి రాజమహేంద్రవరం చూపించాం. రామాపురం లాంటి పేర్లు ఎన్నో చోట్ల ఉన్నాయి కాబట్టి ప్రతి పేరు కింద మండలాన్నీ జిల్లానూ చిన్న అక్షరాలతో ఇచ్చాం.

సిగ్నల్ అందని ఊళ్లలోనూ పని ఆగకుండా జాబితా మొత్తాన్ని ఫోన్‌లోనే ఉంచి, ఫోన్ నెమ్మదించకుండా తెర మీద కనిపించే వరుసలను మాత్రమే సిద్ధం చేయించాం. ఎంత వెతికినా దొరకని పేరును రైతు రాసినది రాసినట్టే స్వీకరించి, నమోదును ముందుకు సాగనిచ్చి, ఆ పేరును సరిచూసే పనిని కార్యాలయ సిబ్బందికి అప్పగించాం.