స్కీలు అద్దెకి, బూట్లు సొంతానికి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి చలికాలంలో జార్జియాలోని గుడౌరీకో కజకిస్తాన్‌లోని అల్మాటీకో స్కీయింగ్‌కి బయల్దేరేవాళ్ళు మొదట అడిగేది జాకెట్ గురించే. ఎంత చలి, ఎన్ని పొరలు, గ్లోవ్స్ ఏవి అని. చలి సంగతి అంత కష్టమేం కాదు, షాపుల్లో అన్నీ దొరుకుతాయి. ట్రిప్పు చెడేది బూటు దగ్గర. బూటు సరిపోకపోతే రెండో రోజు మధ్యాహ్నానికే లిఫ్టు కింద కెఫేలో పాదాలు పిసుక్కుంటూ కూర్చోవాలి, లిఫ్టు పాస్ డబ్బులు దండగ.

స్కీని తిప్పేది మోకాలి కింది ఎముక. దాన్ని బూటు నాలుక మీద ముందుకి నొక్కితే ఆ ఒత్తిడి స్కీ ముందు భాగానికి చేరి, ఎడ్జ్ (స్కీ అడుగు అంచున ఉండే స్టీలు పట్టీ) మంచుని పట్టుకుంటుంది. బూటులో మడమ అర సెంటీమీటరు లేచినా ఆ కబురు స్కీకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి భయపడి వెనక్కి వాలతాడు, వాలగానే స్కీ మాట వినదు. కొత్తవాళ్ళకి "ముందుకి వంగు" అని ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పినా రాకపోవడానికి సగం కారణం వదులు బూటే.

అద్దె షాపులో "ఎనిమిదో నంబరు" అని చెప్పకండి. స్కీ బూటు సైజు అంటే పాదం పొడవు, సెంటీమీటర్లలో. ఇంట్లోనే గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. బొటనవేలు చివర గీత పెట్టి కొలవండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. 26.3 వస్తే 26.5 అడగాలి. చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ బయటి ప్లాస్టిక్ షెల్ ఒకటే, అందుకని "ఇంకో అర సైజు పెద్దదివ్వండి" అన్నప్పుడు ఒక్కోసారి ఏమీ మారదు.

అసలు పరీక్ష లైనర్ (షెల్ లోపలి మెత్తటి బూటు) తీసేసి చెయ్యాలి. ఖాళీ షెల్‌లో పాదం పెట్టి, వేళ్ళు ముందు గోడకి తగిలీ తగలనట్టు జరిపి, మడమ వెనక ఖాళీ చూడండి. 15 నుంచి 20 మిల్లీమీటర్లుంటే మంచిది. రెండు వేళ్ళు దర్జాగా దూరితే అది పెద్ద బూటు, ఆ పూట ఎంత హాయిగా అనిపించినా సరే. ఇక వెడల్పు. ఏడాది పొడుగునా చెప్పులతో తిరిగే పాదం ముందు భాగం విచ్చుకుని ఉంటుంది. 98 మిల్లీమీటర్ల సన్నని షెల్‌లో చిటికెనవేలి పక్క ఎముక ఏడిపిస్తుంది. 102 ఉందా అని అడగండి. బూటు ముందుకి వంగడానికి ఎంత బిగుసుగా ఉంటుందో చెప్పే నంబరు ఫ్లెక్స్, కొత్తవాళ్ళకి అది 60 నుంచి 80 చాలు. ఆ నంబరు కంపెనీని బట్టి మారుతుంది, 90 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేలా వంగవు.

సాక్స్ ఒకటే జత, పలచటి ఉన్నివి, మోకాలి దాకా. రెండు జతలు వేస్తే వెచ్చగా ఉంటుందనుకుంటారు. మధ్యలో మడత పడి, రక్తం ఆడక, వేళ్ళు ఇంకా చల్లబడతాయి. కాటన్ సాక్స్ చెమట పట్టి తడిసిందంటే ఇక ఆరదు. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకూడదు. ఆ చిన్న కుట్టు సాయంత్రానికి ఎముక మీద ఎర్రటి గీత పెడుతుంది.

బిగించడంలో కూడా వరస ఉంది. ముందు మడమని నేలకి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టాలి. తర్వాత మోకాలు వంచి, చీలమండ దగ్గరి బకిల్ పెట్టాలి, ఎందుకంటే మడమని పట్టి ఉంచేది అదే. ఆపైన పిక్క మీది రెండూ, చివర్లో పట్టీ. వేళ్ళ మీది బకిల్ ఊరికే తగిలిస్తే చాలు, దాన్ని బిగించేవాళ్ళకే తిమ్మిరెక్కుతుంది. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. ఒక గాడిలో వదులు, తర్వాతి గాడిలో నొప్పి అయితే బకిల్ తీగని చేత్తో తిప్పండి. మర తిరిగి ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడుగో పొట్టో అవుతుంది. అద్దె షాపులో కుర్రాళ్ళు ఈ ముక్క చెప్పరు, వెనక క్యూ ఉంటుంది కదా.

బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలేసే బిగింపు) బిగువు లెక్క కట్టేందుకు బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మీరు నడిపే తీరు అడుగుతారు. బరువు దగ్గర మొహమాటపడి తగ్గించి చెబితే స్కీ అనవసరంగా ఊడిపోతుంది. గొప్పకి "బాగా వచ్చు" అంటే ఊడాల్సినప్పుడు ఊడదు, అప్పుడు పోయేది మోకాలు. యాభై దాటినవాళ్ళకి బిగువు తగ్గిస్తారు, అది అవమానం కాదు.

ఏటా వెళ్ళే అలవాటు పడితే స్కీలు అద్దెకి తీసుకోండి, బూట్లు మాత్రం కొనుక్కోండి. ఆన్‌లైన్‌లో వద్దు. కొండ కింద షాపులో, ట్రిప్పు మొదటి రోజే, పాదాలు కాస్త ఉబ్బే మధ్యాహ్నం పూట కొనాలి. ఎముక నొక్కుకుంటే మర్నాడు తీసుకెళ్ళి షెల్‌ని ఆ చోట వేడి చేసి సాగదీయించుకోవచ్చు. షాపులో మెత్తగా, ఒదిగినట్టున్నది కొంటే మోసపోతారు. లైనర్ కొన్ని రోజుల్లో అణిగి వదులవుతుంది. విమానంలో బూట్లని చేతి బ్యాగులోనే పెట్టుకోండి, జత నాలుగు కిలోల లోపూ పైనా ఉంటుంది. పెట్టె రాకపోతే మిగతావన్నీ అద్దెకి దొరుకుతాయి, మీ పాదానికి కుదిరిన బూటు దొరకదు.

స్కీలు కొనొద్దనడానికి కారణం మన గాలి. గోపాలపూర్ ఉప్పుగాలి తగిలే ఇంట్లో స్టీలు ఎడ్జ్‌లు ఒక్క వానాకాలానికే తుప్పు పడతాయి. ఎలాగూ కొనేశారంటే, సీజన్ అవగానే ఎడ్జ్‌లు తుడిచి, అడుగునీ ఎడ్జ్‌లనీ కప్పేలా వ్యాక్స్ మందంగా పూసి, గీకకుండా అలాగే వదిలెయ్యండి. మళ్ళీ వెళ్ళే ముందు గీకితే చాలు.

బూట్లకి శత్రువు వేరే. చాలా షెల్స్ పాలీయూరిథేన్ ప్లాస్టిక్‌వి. వేడీ తేమా కలిస్తే ఆ ప్లాస్టిక్ లోలోపల విడిపోతూ ఉంటుంది, పైకి కనపడదు. కొన్నేళ్ళకి ఒకరోజు కీలు దగ్గర పెంకులా పగులుతుంది. అందుకే అటక మీద, రేకుల కింద, కారు డిక్కీలో పెట్టకూడదు. లైనర్ విడిగా తీసి ఫ్యాను కింద బాగా ఆరబెట్టి, తిరిగి తొడిగి, బకిల్స్ వదులుగా మూసి, సిలికా జెల్ పొట్లాలతో సంచీలో కట్టి మనుషులుండే గదిలో ఉంచండి. జెల్ రంగు మారితే మళ్ళీ వేడి చేసి వాడుకోవచ్చు. ప్రయాణానికి నెల ముందు బూట్లు తొడుక్కుని ముందుకి వెనక్కి ఊగి, కీళ్ళ చుట్టూ సన్న గీతలు ఉన్నాయేమో వెతకండి. అడుగున ముందూ వెనకా అరిగిందేమో చూడండి, అరిగిన అడుగుతో బైండింగ్ సరిగా విడవదు.

కాళ్ళ సాధనకి జిమ్ అక్కర్లేదు, బరంపురం దగ్గర తారాతారిణి గుడి కొండ ఉంది. 999 మెట్లు. ఎక్కడం ఊపిరికి, స్కీకి కావాల్సింది దిగడం. తొడ కండరం బరువు మోస్తూ సాగే పని మెట్లు దిగేటప్పుడే జరుగుతుంది, వాలులో జరిగేదీ అదే. రోప్‌వేలో ఎక్కి మెట్ల మీద దిగుతుంటే భక్తులు వింతగా చూస్తారు, చూడనివ్వండి. ప్రయాణానికి ఐదారు రోజుల ముందే ఆపెయ్యాలి, లేకపోతే ఆ నొప్పులతోనే విమానం ఎక్కుతారు.

ఎక్కడికి అంటే, కజకిస్తాన్‌కి మన పాస్‌పోర్టుతో 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఢిల్లీ నుంచి అల్మాటీకి నేరుగా విమానాలున్నాయి. ఊళ్ళోంచి మెదెవ్ దాకా బస్సు, అక్కణ్ణుంచి గొండోలా (తీగ మీద నడిచే క్యాబిన్), పైన 2,260 మీటర్ల దగ్గర షింబులాక్ స్కీ రిసార్ట్. జార్జియాలోని గుడౌరీ పెద్దది, వాలులు పొడుగు, మధ్యస్థంగా వచ్చినవాళ్ళకి స్వర్గం. టిబిలిసి నుంచి రోడ్డు మీద 120 కిలోమీటర్లు. అయితే అక్కడ చెట్లు లేవు. మబ్బు పట్టిందంటే నేలా ఆకాశం ఒకటే తెలుపు, గుంట ఎక్కడుందో కనపడదు. గాగుల్స్‌కి రెండు అద్దాలు కావాలి: ఎండకి ఎస్3 (ముదురు రంగుది), మబ్బుకి ఎస్1 (లేత రంగుది). నల్లద్దం ఒక్కటే తీసుకెళితే మబ్బు రోజున గుడ్డివాళ్ళే. కళ్ళజోడు వాళ్ళు దాని మీద పట్టే రకం అడిగి కొనుక్కోవాలి.

మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ చాలాసార్లు మినహాయింపుల్లో ఉంటుంది. వింటర్ స్పోర్ట్స్ అని విడిగా చేర్పించి, కొండ మీంచి దించే ఖర్చు ఇస్తారో లేదో, పిస్ట్ (చదును చేసి గుర్తులు పెట్టిన స్కీ దారి) అవతల పడితే వర్తిస్తుందో లేదో పాలసీలో చదివి చూడండి. బరంపురం ఆవకాయ మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి, చేతి సామానులో పెడితే నూనె అని సెక్యూరిటీ దగ్గరే లాక్కుంటారు.