పాత ఫోటోలకు పాన్, జూమ్: నా అనుభవం

మా నాయనమ్మకు 80 ఏళ్లు నిండుతున్న సందర్భంగా ఇంట్లోని పాత ఫోటోలతో ఒక వీడియో చేయడానికి పూనుకున్నాను. మా కుటుంబంలో ఆ కాలపు వీడియోలు లేవు, ఉన్నవన్నీ ఫోటోలే. వాటిని వరసగా పేర్చి పాట కలిపితే చాలుననుకున్నాను గానీ, ఆ మొదటి ప్రతిని చూసిన ఇంట్లోవాళ్ల చూపులు మూడో నిమిషానికే పక్కకు పోయాయి. నిలిచి ఉన్న ఫోటో మీద కెమెరా మెల్లగా జరుగుతూనో, దగ్గరవుతూనో ఉన్నట్టు చూపించే పద్ధతిని అప్పుడే నేర్చుకోవలసి వచ్చింది. అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ పేరుతో ఇది ప్రసిద్ధమైంది. 1860ల నాటి అంతర్యుద్ధానికి చలనచిత్రాలు ఉండే అవకాశమే లేదు కనుక, దాని గురించి 1990లో వచ్చిన ధారావాహికలో ఆయన ఫోటోల మీదే కెమెరాను నడిపించారు.

నేను వాడినది డావిన్చి రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. అందులో డైనమిక్ జూమ్ అనే సదుపాయం ఉంది. ఫోటో మీద రెండు చట్రాలు కనిపిస్తాయి. ఆకుపచ్చ చట్రం కదలిక మొదలయ్యే చోటును, ఎర్ర చట్రం ముగిసే చోటును సూచిస్తాయి. అరగంటలో పని వచ్చేసింది. ఆ ఉత్సాహంలో మొత్తం 42 ఫోటోలకూ జూమ్ పెట్టేశాను. అది చూసి అమ్మ కళ్లు తిరుగుతున్నాయన్నది. ఆమె మాట నిజమే, ఎందుకంటే ఏ ఫోటోలో దేని దగ్గరికి వెళ్తున్నానో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

రెండో ఇబ్బంది స్పష్టతకు సంబంధించినది. 6×4 అంగుళాల ఫోటోలను 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేసి ఉంచాను. ఆ లెక్కన వచ్చేది 1800×1200 పిక్సెళ్లు. వీడియో వెడల్పేమో 1920. అంటే జూమ్ మొదలుకాక ముందే ఫోటో చాలడం లేదు, ఇక దగ్గరికి వెళ్లేకొద్దీ ముఖాలు అలికినట్టు అయిపోయాయి. అన్నిటినీ మళ్లీ 600 డీపీఐతో స్కాన్ చేయడానికి రెండు ఆదివారాలు పట్టినా, 3600×2400 పిక్సెళ్లు చేతికి వచ్చాక తెర నిండా ఉన్న ఫోటోను దాదాపు 1.9 రెట్ల వరకు ధైర్యంగా పెంచగలిగాను. ఈ పని చేయబోయే వారెవరైనా సాఫ్ట్‌వేర్ తెరవడానికి ముందే స్కానింగ్ సంగతి చూసుకోవాలని గట్టిగా చెబుతాను.

నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది 1963 నాటి పెళ్లి ఫోటోకు. 8×6 అంగుళాల నలుపు తెలుపు ఫోటో అది. ముప్పై మందికి పైగా మూడు వరసల్లో ఉన్నారు, నడుమ కుర్చీల్లో తాతయ్య, నాయనమ్మ. ఇన్‌స్పెక్టర్ అనే సెట్టింగుల పట్టీలో జూమ్, పొజిషన్ (ఫోటో స్థానం) విలువలకు కీఫ్రేమ్‌లు (ఏ క్షణంలో ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తులు) పెట్టి, అందరినీ చూపించే దశ నుంచి దంపతుల దగ్గరికి వెళ్లాలనుకున్నాను. ఫోటో నిష్పత్తి 4:3, తెరది 16:9 కావడం వల్ల జూమ్ విలువ 1.33 ఉంటే తప్ప పక్కల నల్లని పట్టీలు పోలేదు. అక్కడి నుంచి 2.6 వరకు వెళ్లాను. మొదట్లో జూమ్ కీఫ్రేమ్‌లు, పొజిషన్ కీఫ్రేమ్‌లు వేర్వేరు ఫ్రేమ్‌లలో పడటంతో నాయనమ్మ ముఖం ఒక పక్కకు జారి మళ్లీ మధ్యకు వచ్చేది. రెండింటినీ ఒకే ఫ్రేమ్‌కు చేర్చాక అది కుదిరింది. అయినా కదలిక మొదట్లో దూకుడుగా, చివర్లో మందంగా అనిపించింది. కారణం వెతికితే లెక్కలోనే దొరికింది: 1.33 నుంచి 1.43కు పెరిగితే బొమ్మ ఏడు శాతానికి పైగా పెద్దదవుతుంది, అదే 2.5 నుంచి 2.6కు పెరిగితే నాలుగు శాతమే. కీఫ్రేమ్‌ల మధ్య విలువ మారే తీరును చూపే గీతను వంపుగా మార్చి, మొదట్లోనూ చివర్లోనూ ఒక్కో సెకను కదలిక లేకుండా ఉంచి, మొత్తం నిడివిని ఐదు సెకన్ల నుంచి తొమ్మిదికి పెంచాక మనసుకు నచ్చింది. పట్టుచీర అంచులోని సన్నని గీతలు కదిలేటప్పుడు మిణుకుమిణుకుమంటుంటే, కనిపించీ కనిపించనంత బ్లర్ కలిపాను.

మిగిలిన వాటిలో సగానికి పైగా ఫోటోలకు కదలిక తీసేశాను. నిలువు ఫోటోలను మాత్రం పాదాల నుంచి ముఖం వరకు పైకి నడిపించాను. చిన్నపిల్లల ఫోటోలకు అది ఎంతో బాగా అమరింది.

పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, చివరి ప్రతిని నాయనమ్మకు టీవీలో చూపించాను. పెళ్లి ఫోటో రాగానే ఆవిడ తెర ఎడమ అంచుకేసి వేలు చూపి, "అక్కని దాటేశావేంరా?" అని అడిగింది. రెండో వరస చివర నిలబడి ఉన్న ఆ మనిషి నాయనమ్మ అక్కగారని నాకు అప్పటిదాకా తెలియదు. జూమ్ మొదలైన సెకనులోపే ఆవిడ తెర బయటికి పోతోంది. ఆ రాత్రే మొదటి కీఫ్రేమ్‌ను ఎడమ అంచుకు జరిపి, అక్కగారి ముఖం మీద రెండు సెకన్లు ఆగి, అక్కడి నుంచి వరస వెంబడి మెల్లగా నాయనమ్మ దాకా వచ్చేలా మార్చాను. నిడివి పన్నెండు సెకన్లు అయింది, పాటను అంత మేరకు సాగదీశాను.