రాయగడ దారిలో మెత్తబడిన మైనం

వీణకు సగం టికెట్టు తీసుకుని, ఆ వీణనే బస్సు కింద డిక్కీలో పెట్టించిన కండక్టరు మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు. ఒడిశాలోని రాయగడలో ఉన్న ఐదు రోజుల్లో మంచి విషయాలు చాలా జరిగాయి. అయినా రాయడానికి కూర్చుంటే ముందు ఆ రెండు గంటల ప్రయాణమే కళ్లముందుకు వస్తోంది.

మే నెల రెండో వారం. రాయగడలో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు, వాళ్ల వీధిలోని ఏడుగురు పిల్లలకు వేసవి సెలవుల్లో సంగీతం చెప్పమని అడిగింది. ఐదు రోజుల పాఠాలు, చివరి సాయంత్రం గుడిలో చిన్న కచేరీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఆ ప్రాంతమంతా మన విశాఖపట్నం జిల్లాలోదే. ఆ వీధిలో మూడు తరాలుగా ఉంటున్న కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. వెళ్లడానికి నాకు రెండో ఆలోచన లేదు.

విజయనగరం నుంచి ఎప్పుడూ రైలులోనే వెళతాను. బొబ్బిలి, పార్వతీపురం దాటితే కొండలు మొదలవుతాయి, ఆ కొండలు దాటితే రాయగడ. ఆ రోజు రైలు మూడు గంటలు ఆలస్యమన్నారు. ఆ మూడు గంటలూ గడిచాక ఇంకెంతో చెప్పేవాళ్లే లేరు. మర్నాడు పొద్దునే పాఠం. పార్వతీపురం దాకా ఒక బస్సులో వెళ్లి, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు రాయగడ బస్సు ఎక్కాను. వేసవిలో వాద్యం వెంట ఉన్నవాళ్లు ఆ వేళకు బయలుదేరకూడదని నాకు తెలుసు. తెలిసీ బయలుదేరాను.

"అంత పెద్ద పెట్టె లోపల పట్టదమ్మా, కింద పెట్టండి" అన్నాడు కండక్టరు. రెండు సీట్లకు డబ్బులిస్తాను, పక్క సీటులో నిలబెట్టి పట్టుకుంటానని చెప్పాను. వినలేదు. సామాను కింద సగం టికెట్టు కొట్టి, క్లీనరు చేత డిక్కీలోకి తోయించాడు. ఆ తలుపు రేకు మీద చెయ్యి పెడితే ఒక్క క్షణం నిలవలేదు. నా కళ్లెదుటే వీణపెట్టె మీద మామిడికాయల బస్తా ఒకటి వచ్చి పడింది. తీయమని అడిగితే, "కాయలే కదమ్మా, బరువేం ఉంటుంది" అన్నాడు క్లీనరు. కొమరాడలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. పక్కనే చింతచెట్టు నీడ ఉంది. బస్సు మాత్రం ఎండలోనే నిలబడింది. డ్రైవరు టీ తాగుతుంటే నేను ఆ చెట్టునూ, ఆ డిక్కీ తలుపునూ మార్చిమార్చి చూస్తూ కూర్చున్నాను. కూనేరు దగ్గర దారి కొండల్లోకి మళ్లింది. ప్రతిసారీ తల కిటికీ బయట పెట్టి చూసే ఆ పచ్చదనాన్ని ఈసారి చూడనే లేదు.

వీణ వాయించనివాళ్లకు ఈ భయం ఎందుకో చెప్పాలి. వీణకు తీగను నొక్కి స్వరం పలికించే మెట్లు ఇరవై నాలుగుంటాయి. వాటిని కర్రలోకి దిగగొట్టరు, మేకులతో బిగించరు. దండి మీద, అంటే వీణ పొడవాటి మెడ మీద, రెండు వైపులా పోసిన మైనపు గట్ల మీద కూర్చోబెడతారు. తేనెమైనంలో మసి కలిపి నల్లగా చేసిన గట్లు అవి. తేనెమైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి. కానీ కరగడం దాకా పోనక్కరలేదు, 35 డిగ్రీలు దాటితేనే అది వేలికి లొంగుతుంది. మెత్తబడిన మైనం మీద కాస్త బరువు పడితే చాలు, మెట్టు కిందికి దిగుతుంది, లేదా పక్కకు ఒరుగుతుంది. వెంట్రుకవాసి కదిలినా స్వరం మారుతుంది. కుండ, దండి ఒకే పనసకర్రలో తొలిచి, నెలల తరబడి కష్టపడి బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసిన వీణ నాది. అంత పనీ చివరికి ఆ రెండు మైనపు గట్ల మీదే నిలబడుతుంది.

రాయగడలో దిగి ఆటో ఎక్కాను. రెండు కిలోమీటర్లు లేని దూరానికి నూట యాభై అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను. ఇంటికి చేరగానే పెట్టె తెరవలేదు. ఎండలోంచి వచ్చిన పెట్టెను వెంటనే తెరిచి శ్రుతి చేయబోతే ఉన్న చెరుపు రెండింతలవుతుంది. గచ్చు మీద, చల్లని నడిమి గదిలో రెండు గంటలు అలాగే ఉంచాను. స్నేహితురాలు "ఏమైందో చూడవే" అంటూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు మూత ఎత్తితే వేడెక్కిన మైనం వాసన గుప్పుమంది. ఆ వాసనతోనే విషయం తెలిసిపోయింది.

మూత లోపలి స్పాంజి తీగలను నొక్కింది, తీగలు మెట్లను నొక్కాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు మెట్లు మైనంలోకి దిగిపోయాయి. పదిహేడోది నిలబడి ఉంది. పద్దెనిమిదోది ఒక కొస దించుకుని ఒరిగింది. సారణి మీద, అంటే మొదటి తీగ మీద, పద్నాలుగో మెట్టు నొక్కి మీటాను. చతుశ్శ్రుతి రిషభం రావలసిన చోట మధ్యమం పలికింది. పదిహేను, మధ్యమం. పదహారు, మధ్యమం. దిగిపోయిన మూడు మెట్లనూ దాటి తీగ వెళ్లి పదిహేడో మెట్టుకే తగులుతోంది. మీద పడ్డ బస్తా బరువు ఎక్కడ ఆనిందో ఆ మూడు స్వరాలే చెప్పాయి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా గురువుగారు వేసవిలో పగటి ప్రయాణం ఒప్పుకునేవారు కాదు. రాత్రి రైలు దొరక్కపోతే కచేరీ మానుకునేవారు. విజయనగరంలోని వాళ్ల పెంకుటింట్లో మార్చి రాగానే వీణ వీధి గదిలోంచి మధ్య గదికి మారేది. వంటింటి గోడకు దూరంగా, కిటికీ ఎండ పడనిచోట, తెల్లని ఉతికిన పంచె చుట్టి పడుకోబెట్టేవారు. తడిబట్ట కప్పితే చల్లగా ఉంటుంది కదా అని ఒకసారి అడిగాను. "కర్రకు తడి కూడా ఎండంత శత్రువే" అన్నారు. నేను కొనుక్కున్న నల్లటి ఫైబరు పెట్టెను ఆయన చూసి ఉంటే ఏమనేవారో ఆ రాత్రంతా ఆలోచించాను. నల్లరంగు ఎండను తాగుతుంది. దెబ్బ తగలకుండా కాపాడే పెట్టే వేడిని లోపల దాచిపెడుతుంది.

స్నేహితురాలి అత్తయ్యగారు తెల్లవారకముందే నన్ను లేపి, రెండు వీధుల అవతల ఉన్న ఒక కంసాలి ఇంటికి తీసుకెళ్లారు. "మైనం, లక్క, గుగ్గిలం ఆయనకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు" అన్నారు. డెబ్బై దాటిన మనిషి. వీణ ఎన్నడూ పట్టుకోలేదట. చక్కని తెలుగు మాట్లాడతారు. చదువు ఒడియాలో సాగింది కాబట్టి రాత మాత్రం ఒడియాయే. పెట్టె తెరిచి చూపిస్తే మెట్లను చేతితో తాకలేదు. ముందు గోటితో మైనం చిన్న ముక్క గిల్లి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశారు.

"మంచి మైనమేనమ్మా. కొవ్వొత్తి మైనం కలపలేదు. కలిపి ఉంటే మీ ఇరవై నాలుగూ పడుకునేవి" అన్నారు.

"ఎండెక్కితే మళ్లీ మెత్తబడదా, బాబాయిగారూ?"

"అందుకే ఏడింటికల్లా ముగించాలి. తొమ్మిది దాటితే మైనం ఆరదు."

ఆయన చేసిన పని నేను దగ్గర కూర్చుని చూశాను. ముందు కుట్టుదారం ఒకటి తీసి, పదమూడో మెట్టు నుంచి పందొమ్మిదో మెట్టు దాకా బిగించి పట్టుకోమన్నారు. ఆ దారానికి ఏ మెట్టు ఎంత దిగువన ఉందో చూసి, దండి అంచున సుద్దతో ఒడియా అంకెలు వేసుకున్నారు. సన్నని ఇనుపసలాక కుంపటిలో కాల్చి, దాని కొసను మెట్టు నడుమ ఆనించి, పెదవులు కదలకుండా లెక్కపెట్టారు. "వేడి మెట్టుకు తగలాలి, మైనానికి కాదు" అని ఆగి చెప్పారు. మెట్టు వేడెక్కి తన అడుగున ఉన్న మైనాన్ని మాత్రమే కరిగించుకుంది, గట్టు కదల్లేదు. శ్రావణంతో, అంటే చిన్న పట్టుకారుతో, మెట్టును దారానికి తాకేదాకా పైకి లేపి, కింద గోధుమగింజంత కొత్త మైనం దూర్చి, ఊపిరి బిగబట్టి అలాగే పట్టుకున్నారు. ఆ మైనం నియమగిరి వైపు నుంచి సంతకు వచ్చే తేనెతుట్టెలదట. దాంట్లో చిటికెడు గుగ్గిలం కలిపి గట్టిచేశారు. పైకి లేపడం ఆయన వంతు, స్వరం చూడడం నా వంతు. ఫోనులో శ్రుతి పెట్టుకుని మీటుతూ "కొంచెం కిందికి, ఇంకొంచెం" అంటుంటే ఆయన మళ్లీ సలాక కాల్చేవారు. అంతర గాంధారం నాలుగోసారికి కుదిరింది. కుదిరిన క్షణం నేను చెప్పకముందే ఆయన తల ఊపారు. ఎంత ఇవ్వమంటారని అడిగితే మైనం ఖరీదు నలభై రూపాయలు తీసుకున్నారు. బస్సులో వీణకు కట్టిన సగం టికెట్టు కూడా అంతకంటే ఎక్కువే.

పాఠాలు మర్నాటి నుంచి తెల్లవారుజామున నాలుగున్నరకు పెట్టాను. పిల్లలు మారాం చేస్తారనుకున్నాను, ఒక్కరూ ఆలస్యంగా రాలేదు. ఏడు దాటాక వాద్యం ముట్టనివ్వలేదు. పగలంతా నోటితోనే సరళీ వరుసలు, చేత్తో తాళం. చెమట చేతులతో వాయిస్తే ఉక్కు తీగలకు తుప్పు పడుతుంది. అందుకే ప్రతి పాఠం తరువాత పొడి నూలుబట్టతో తీగలు తుడవడం కూడా పాఠంలో భాగం చేశాను. ఎడమ చేతి వేళ్లకు కొబ్బరినూనె ఒక్క చుక్క చాలునని, ఎక్కువైతే నూనె కారి మెట్ల పక్కన మైనం మీద పేరుకుంటుందని చూపించాను. పదిన్నరకు అత్తయ్యగారు పఖాళ పెట్టేవారు. రాత్రి నీళ్లు పోసి ఉంచిన అన్నం, వేయించిన వడియాల పొడి, పచ్చిమిరపకాయ. మా ఇంట్లో అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. పులుపు కొంచెం తేడా, చలువ మాత్రం అదే.

చివరి రోజు కచేరీకి మృదంగం వాయించడానికి పార్వతీపురం నుంచి ఒకరు వచ్చారు. ఆయనకూ ఎండ బాధే. మధ్యాహ్నపు పొడి వేడికి కుడివైపు చర్మం బిగిసి శ్రుతి పైకెక్కింది. దాని నడుమ ఉండే నల్లటి పూత, కరణి, ఎక్కడ పగులుతుందోనని, దెబ్బ కింది నుంచి వేసి దించుతూనే ఉన్నారు. సాయంత్రం ఐదింటికి కాలవైశాఖి విరుచుకుపడింది. గాలి, ఉరుములు, గంటసేపు వాన. ఒక్కసారిగా చల్లబడింది. ఆయన చర్మం తేమకు సడలి శ్రుతి పడిపోతే, నా ఉక్కు తీగలు చలికి బిగిసి పైకి పోయాయి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఎక్కిస్తూ ఒకరు దించుతూ మధ్యలో కలుసుకునేసరికి అరగంట పట్టింది. కరెంటు లేదు, మైకు లేదు. గుడి మండపంలో దీపాల వెలుగులో వాయించాం. కంసాలి బాబాయిగారు ముందు వరసలోనే కూర్చున్నారు. నా చెయ్యి తారస్థాయి గాంధారం మీదికి వెళ్లిన ప్రతిసారీ ఆయన కళ్లు ఆ మెట్టు మీదే ఉన్నాయి.

వీణతో వేసవి ప్రయాణం చేసేవాళ్లను నేను బతిమాలి చెప్పేది ఒకటే. రాత్రి రైలు చూసుకోండి. కింది బెర్తు తీసుకోండి. పై బెర్తు రేకు కప్పుకు దగ్గరగా ఉంటుంది, పగటి వేడి చాలాసేపు అక్కడే ఉంటుంది. తీగలను ఒక స్వరం మేర దించండి, పూర్తిగా వదులు చేస్తే తీగలను మోసే గుర్రం కదులుతుంది. మూత స్పాంజికి, తీగలకు మధ్య వేలు దూరేంత సందు ఉందో లేదో చూడండి. లేకపోతే స్పాంజి కోసేయండి. నేను రాయగడలోనే కూరగాయల కత్తితో నాది కోసేశాను. నల్ల పెట్టె మీద తెల్లని దుప్పటి కుట్టించాను, పక్కవీధి దర్జీ అరవై రూపాయలు తీసుకున్నాడు. డిక్కీలో పెట్టమంటే ఆ బస్సు దిగిపోండి.

తిరుగు ప్రయాణంలో కింది బెర్తు దొరికింది. వీణను లోపలి గోడ వైపు పెట్టి, నేను అంచున పడుకున్నాను. పార్వతీపురంలో బండి ఆగినప్పుడు లేచి, దుప్పటి తీసి, మూత కొంచెం ఎత్తి వేలితో తడిమాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. మైనం చల్లగా, గట్టిగా ఉంది.