పట్టుకి పడని సరుకు

డెన్మార్క్‌లో నేను పనిచేసేది బట్టల సబ్బుపొడుల్లో కలిపే ఎంజైములు తయారయ్యే ఫ్యాక్టరీలో. షిఫ్టు ఎక్కితే మాస్కు, గ్లవ్స్, ఒళ్లంతా కప్పే సూటు తప్పవు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఎలర్జీ పట్టుకుంటుంది. 1960ల చివర్లో సబ్బు ఫ్యాక్టరీల కూలీలకు ఉబ్బసం వచ్చాకే దాన్ని గుళికలు చేసి పైన పూత వేయడం మొదలైంది. ఇంట్లో మాత్రం "సబ్బుల కంపెనీ" అని ఊరుకుంటాను.

ఈసారి సెలవుకి బరంపురం వస్తే చిన్నాన్న వదల్లేదు. మాది నేత ఇల్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, మగ్గం మీద పట్టు.

"మీ పిన్ని ఆ పొడిలో పట్టుచీర రాత్రంతా నానబెట్టింది. మెరుపంతా పోయింది. ఏం కలుపుతున్నార్రా అందులో?"

పోదూ మరి! పట్టూ ప్రోటీనే కదా. మేం కలిపేది సబ్టిలిసిన్. బాసిల్లస్ జాతి బాక్టీరియా తిండి కోసం బయటికి వదిలే, ప్రోటీన్లని కోసే ఎంజైము. దాని ఒక రకంలో 275 అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ల ఇటుకలు, గొలుసులా వరసగా ఉంటాయి. పని చేసేవి ముఖ్యంగా మూడు: 32వ చోట ఆస్పార్టేట్, 64వ చోట హిస్టిడిన్, 221వ చోట సెరీన్. వరసలో ఎక్కడెక్కడో ఉన్నా, గొలుసు ముడుచుకునేసరికి మూడూ ఒక గాడి పక్కన చేరతాయి. సెరీన్ దగ్గరి ప్రోటాన్‌ని హిస్టిడిన్ లాక్కుంటుంది. దాంతో సెరీన్ ఆక్సిజన్, గాడిలో పడ్డ ప్రోటీన్‌లో అమైనో ఆమ్లాలని కలిపే పెప్టైడ్ బంధం మీద పడుతుంది. బంధం తెగాక సెరీన్‌కి అంటుకుని ఉన్న ముక్కని నీరు వచ్చి విడిపిస్తుంది. మన పేగుల్లోని ట్రిప్సిన్‌దీ ఇదే ముగ్గురి జట్టు. కానీ ముడుచుకున్న తీరు పూర్తిగా వేరు, రెంటికీ చుట్టరికమే లేదు. ఎన్నేళ్లు చేసినా ఈ ఒక్క సంగతి నాకు పాతబడదు.

సెరీన్ పక్కనే 222వ చోట మెథియోనిన్ ఉంటుంది. బ్లీచు తగిలితే అది పాడై ఎంజైము పడుకుంటుంది. 1985లో దాని బదులు అలనిన్ లాంటివి పెట్టి చూస్తే బ్లీచుకి తట్టుకుంది.

"ఏది తినాలో దానికెలా తెలుసు?" అన్నాడు చిన్నాన్న.

తెలీదు. ప్రోటీన్ గొలుసు వదులుగా, సాగి ఉంటేనే గాడిలో పడుతుంది. పట్టుపోగు లోపలి ఫైబ్రాయిన్ గట్టిగా పేర్చుకుని ఉంటుంది, పైన జిగురు సెరిసిన్ వదులు. అందుకే ముందు జిగురు పోతుంది. సోడా, సబ్బు వేసి మరగబెట్టి మనం తీసే జిగురే అది. ఎంజైముతో అంత మరిగించక్కర్లేదు. కానీ ఎక్కువసేపు వదిలేస్తే ఫైబ్రాయిన్‌లో వదులుగా ఉన్నచోట్లా కోత మొదలవుతుంది.

చిన్నాన్న చూపు కట్టెల పొయ్యి మీదికి పోయింది. "కొంచెం తెచ్చిపెట్టరా, కట్టెలు మిగుల్తాయి."

పొడి ఇంట్లోకి తేనన్నాను. ద్రవంగా దొరికితే ముందు తెగిన పోగుల మీద, గడియారం పెట్టుకుని చూద్దామన్నాను. కొత్త చీర ఎప్పుడని పిన్ని వంటింట్లోంచే అడిగింది.