సిగిరియాకు పొద్దున్నే బయల్దేరండి

శ్రీలంకలో సిగిరియా కొండకు గేటు తెరిచే వేళకే చేరుకోండి. దాదాపు 1,200 మెట్లు. తొమ్మిది దాటితే రాయి వేడెక్కుతుంది, శిఖరం మీద నీడ దొరకదు, కొండగోడ మీది పాత చిత్రాలకు దారితీసే ఇనుప చుట్టుమెట్ల దగ్గర క్యూ కదలదు. మనిషికో లీటరు నీళ్లు కిందే కొనుక్కోండి.

ఆ స్త్రీల బొమ్మలు 5వ శతాబ్దంలో ఇక్కడ ఏలిన కాశ్యప రాజు కాలానివి. ఫోటోలు తీయనివ్వరు. అదీ మంచిదే, నిదానంగా చూస్తే పూలపళ్లెం పట్టుకున్న చేతివేళ్ల ఒంపు కూడా కనిపిస్తుంది. పైన రాతి సింహపు పంజాల దగ్గర మాత్రం కేకలు పెట్టొద్దు. కందిరీగలు రేగితే మెట్ల మీద తప్పించుకునే చోటుండదు.

మధ్యాహ్నం దంబుల్లా బౌద్ధ గుహాలయాలకు వెళ్తే సాక్సులు ఉంచుకోండి. చెప్పులు విడిచాక బండ కాలుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగడం అక్కడ అపచారం.

కాండీలో బుద్ధుడి దంతం ఉన్న దంతాలయానికి పూజవేళకే వెళ్లండి, లేకపోతే గర్భగుడి తలుపు మూసే ఉంటుంది. కనిపించేది బంగారు పేటికే, దంతం కాదు. 1739 నుంచి 1815 దాకా కాండీని ఏలినవాళ్లు మదురై వైపు నుంచి వచ్చిన తెలుగు మూలాల నాయక్కర్లే. అక్కడి అష్టకోణ మండపం ఆ వంశపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడి హయాంలోది. దాన్ని చూడకుండా రావద్దు.