గుర్రాలకు నీళ్ళు పట్టిన చేతులు

మార్గశిర శుద్ధ ఏకాదశి గీతాజయంతి. మా వీధి చివర గుడిలో ఆ రోజు పొద్దున్నే ఏడువందల శ్లోకాల పారాయణ మొదలుపెడతారు. ఏకాదశి కాబట్టి చాలామందిమి ఉపవాసంతోనే వస్తాం. ఆరో అధ్యాయం అందుకునేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. సరిగ్గా అప్పుడే ఈ రెండు శ్లోకాలు ఎదురవుతాయి.

నాత్యశ్నతస్తు యోగోఽస్తి న చైకాంతమనశ్నతః
న చాతిస్వప్నశీలస్య జాగ్రతో నైవ చార్జున

యుక్తాహారవిహారస్య యుక్తచేష్టస్య కర్మసు
యుక్తస్వప్నావబోధస్య యోగో భవతి దుఃఖహా

అతిగా తినేవాడికి యోగం కుదరదు, బొత్తిగా తిననివాడికీ కుదరదు. అతిగా నిద్రపోయేవాడికి లేదు, అసలు నిద్రే పోనివాడికీ లేదు. తిండీ విహారమూ, చేసే పనీ, నిద్రా మెలకువా తగినట్టుగా ఉన్నవాడికే యోగం దుఃఖాన్ని పోగొడుతుంది. "బొత్తిగా తిననివాడికి" అన్నచోట నా పక్కన కూర్చునే పెద్దాయన ఏటా నావైపు తిరిగి నవ్వుతారు. గీత పుట్టినరోజున పస్తుండి, పస్తులతో పని జరగదని గొంతెత్తి చదవడం ఆయనకు భలే సరదా.

ఈ మాటలు వచ్చిన చోటు చూడండి. అప్పటిదాకా స్వామి చెబుతున్నది ధ్యానం సంగతి. శుభ్రమైన చోట దర్భలు, జింకచర్మం, వస్త్రం పరిచి, నడుము, మెడ, తల నిటారుగా పెట్టి, చూపు ముక్కు కొస మీద నిలిపి కూర్చోమంటున్నాడు. ఇక మనసు లోతుల్లోకి తీసుకెళతాడు కాబోలు అనుకుంటాం. ఆయన తిన్నగా వంటింట్లోకి తీసుకొచ్చి, ఎంత తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు అని అడుగుతాడు!

ఈ శ్లోకాన్ని మనవాళ్ళు ఎక్కువగా తిండి గురించే వాడుకుంటారు. "మితంగా తినమన్నాడు కదండీ" అనేసి ఊరుకుంటాం. కానీ రెండో శ్లోకంలో "యుక్త" మూడుసార్లు వస్తుంది. తిండికీ నిద్రకీ నడుమ ఉన్నది "యుక్తచేష్టస్య కర్మసు", అంటే చేసే పని. దాన్ని మాత్రం చల్లగా దాటేస్తాం. విహారం అనగానే మనకు గుర్తొచ్చేది తిరుగుళ్ళూ షికార్లూ. శంకరాచార్యులు తన భాష్యంలో "విహరణం విహారః పాదక్రమః" అన్నారు. అడుగు తీసి అడుగు వేయడం. కాళ్ళతో నడవడమే విహారం! ఆహారం పక్కనే నడకను పెట్టి, ఆ రెండూ నియమిత పరిమాణంలో ఉండాలన్నారు.

మరి ఆ పరిమాణం ఎంత? కడుపును నాలుగు పాళ్ళు చేసి, సగం కూరలతో కూడిన అన్నానికి, మూడో పాలు నీళ్ళకి, నాలుగో పాలు గాలి ఆడటానికి వదలాలని యోగశాస్త్రం మాటగా ఆయనే ఉదహరించారు. దానికంటే ముందు వేదభాగమైన శతపథ బ్రాహ్మణంలోని మాట ఒకటి తెచ్చారు. తనకు తగినంత తిన్న అన్నం కాపాడుతుంది, హింసించదు. ఎక్కువైతే హింసిస్తుంది, తక్కువైతే కాపాడదు. అక్కడి పదం "ఆత్మసంమితం", ఎవరి కొలత వారిది. అందరికీ ఒకే గరిటె కాదు.

ఈ "ఎవరి కొలత వారిది" నాకు పుస్తకంలో కన్నా ముందు మా నాయనమ్మ దగ్గర అర్థమైంది. ఊడ్పుల రోజుల్లో పొలానికి వెళ్ళే మనుషులకు ఆమె పెట్టే అన్నం ముద్దలు చూస్తే చిన్నప్పుడు నాకు కళ్ళు తిరిగేవి. పొద్దున్నే చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ, పైన పచ్చిమిరపకాయ. బురదలో నడుం వంచి ఒక్క పూట నాట్లు వేస్తే అదంతా ఎటుపోతుందో! ఇంట్లో దుర్గాదేవిలా తిరిగే ఆమె కూడా బావి నీళ్ళు తోడి, రోట్లో పిండి రుబ్బి, పశువుల కింద ఎత్తిపోసి, అప్పుడు కంచం ముందు కూర్చునేది. నేనేమో అరుగు మీద కూర్చుని గంటకోసారి ఏదో ఒకటి పెట్టమనేవాణ్ణి. "ఒరే, ఆకలేసి అడుగుతున్నావా, పొద్దుపోక అడుగుతున్నావా?" అనేది. ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర నిజాయితీగా జవాబు లేదు.

"ఆకొన్న కూడె యమృతము" అని సుమతీ శతకంలో మనమంతా చదువుకున్నదే. అమృతం కూడులో లేదు, ఆకొనడంలో ఉంది. "అహం వైశ్వానరో భూత్వా" అని పదిహేనో అధ్యాయంలో స్వామి చెప్పింది కూడా అదే పొయ్యి గురించి. ప్రాణుల కడుపులో జఠరాగ్నిగా ఉండి అన్నాన్ని పచనం చేసేది తానేనట. చాలా ఇళ్ళలో భోజనానికి ముందు ఈ శ్లోకం చెప్పుకుంటారు. పొయ్యి రాజుకోకముందే కట్టెలు కుక్కితే పొగే కదా వచ్చేది! ఆ పొయ్యిని రాజేసేది పని. మన తరానికి జరిగిందేమిటంటే, ఒళ్ళు పొలం నుంచి కుర్చీలోకి మారింది, కంచం మాత్రం పొలం రోజులదే ఉండిపోయింది. తిండి తగ్గించమని అందరం అంటాం. చెమట సంగతి ఎవరూ ఎత్తరు.

అలాగని చెమట ఉంది కదా అని ఎగబడినా ప్రమాదమే. రెండేళ్ళ క్రితం రక్తపరీక్షలో షుగర్ అంచుల్లో ఉందని తేలింది. ఒకటే టెన్షన్. రాత్రి భోజనం మానేశాను, శనివారాలు కటిక ఉపవాసం, పొద్దున్నే గంట పరుగు. నెల తిరిగేసరికి మోకాలు వాచింది, ఇంట్లో అందరిమీదా కసురుకోవడం మొదలైంది. భక్తి పేరుతో చేశాను కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. పదిహేడో అధ్యాయంలో స్వామి ఇలాంటి వాళ్ళ గురించి ఘాటుగానే అన్నాడు. దంభంతో, అహంకారంతో శాస్త్రం చెప్పని ఘోర తపస్సులు చేసేవాళ్ళు ఒంట్లోని భూతసముదాయాన్నే కాదు, లోపల ఉన్న తననూ కృశింపజేస్తున్నారని. ఆ శ్లోకం చదివాక పరుగు ఆపి నడకకు వచ్చాను.

వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయం ఈ విషయంలో ఇంకా వివరంగా చెబుతుంది. ఒళ్ళు తేలికపడటం, పని చేసే శక్తి, అగ్ని రాజుకోవడం, కొవ్వు కరగడం, ఇవి వ్యాయామం వల్ల వస్తాయి. అయితే బలమైనవాడు, నెయ్యి వేసుకుని తినేవాడు కూడా తన శక్తిలో సగం వరకే చేయాలి. అదీ చలికాలంలోనూ వసంతంలోనూ. మిగతా రోజుల్లో ఇంకా తక్కువ. వ్యాయామం, జాగరణ, నడక, చివరికి నవ్వు, మాటలు కూడా మితిమీరితే, ఏనుగును ఈడ్చబోయిన సింహంలా నశిస్తాడంటాడు. నవ్వునూ మాటలనూ ఆ జాబితాలో చేర్చడం చూసి మా ఇంట్లో అందరూ నన్నే చూశారు, అది వేరే సంగతి.

"యుక్త" అంటే తగినది అనే అర్థమే మనకు అలవాటు. ఆ మాట పుట్టిన ధాతువుకు కలపడం, పూన్చడం అని అర్థం. రథానికి గుర్రాలను పూన్చడమూ ఆ మాటే. ఈ శ్లోకం చెప్పినవాడు అప్పుడు పగ్గాలు పట్టుకుని ఉన్నాడని గుర్తొచ్చినప్పుడల్లా నాకు భారతంలోని ద్రోణపర్వం కళ్ళముందు ఆడుతుంది. యుద్ధంలో పద్నాలుగో రోజు. సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ణి చంపకపోతే అగ్నిలో దూకుతానని అర్జునుడి శపథం. దారి పొడుగునా సేనలు. ఒక్క క్షణం వృథా చేయడానికి లేని రోజు. అలాంటి రోజున నడి యుద్ధంలో గుర్రాలు అలిసిపోయాయి, ఒళ్ళంతా బాణాలు. రథం ఆపి వాటిని విప్పారు. అర్జునుడు నేల మీద నిలబడి ఒంటరిగా సేనలను అడ్డుకున్నాడు. నీళ్ళు లేవంటే అస్త్రంతో నేలను కొట్టి కొలను చేశాడు, బాణాలతో పందిరి వేశాడు.

ఆ పందిరి కింద కృష్ణుడు గుర్రాలకు గుచ్చుకున్న బాణాలు తన చేతులతో తీశాడు. ఒళ్ళు నిమిరి తుడిచాడు. నీళ్ళు తాగించాడు. "కుశలో హ్యశ్వకర్మణి" అంటుంది భారతం. గుర్రాల పనిలో నేర్పరి. స్నానమైంది, మేత అయింది, వాటి బడలిక తీరింది. అప్పుడు సంతోషంగా మళ్ళీ రథానికి పూన్చాడు.

ఆ సాయంత్రం సైంధవుడి ముందుకు రథాన్ని లాక్కెళ్ళింది ఆ గుర్రాలే.