ఎగువకీ దిగువకీ ఒకే మ్యాప్ కావాలి

జర్మనీలో కొలోన్ నగరం మధ్యలో, రైన్ నది ఒడ్డున గడియారం లాంటి స్తంభం ఒకటి ఉంటుంది. అది టైమ్ చూపించదు, నది మట్టం చూపిస్తుంది. చిన్న ముల్లు మీటర్లు, పెద్ద ముల్లు అందులో పదో వంతులు. మట్టం 8.30 మీటర్లకి చేరితే నౌకలు ఆపేస్తారని ఒడ్డున కాఫీ అమ్మే మనిషికి కూడా తెలుసు. ఆ నీళ్ళు స్విట్జర్లాండ్‌లో పుట్టి, ఫ్రాన్స్ సరిహద్దు వెంట వచ్చి, ఇక్కణ్ణుంచి నెదర్లాండ్స్ పోతాయి. అన్ని దేశాలు దాటే నది సంగతి దారిన పోయే మనిషికి తెలుస్తోంది. ఒకే దేశంలో రెండు రాష్ట్రాల మధ్య పారే మా వంశధార సంగతి మా ఊరికి తెలియాలంటే మాత్రం ఒడిశాలో, గుణుపురంలో ఉన్న మా పిన్ని ఫోన్ చెయ్యాలి. "ఇక్కడ ఏరు రాత్రి నుంచీ పెరుగుతోంది అక్కా, బావగార్ని మోటారు తీయించేయమను" అని ఆవిడ చెబితే, నాన్న ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఒడ్డున ఉన్న మోటారు విప్పించి గట్టు మీదకి చేర్పిస్తారు. ఎగువన చుట్టాలు లేని రైతు మోటారు ఏట్లో పోతుంది. అంతే తేడా.

మాది శ్రీకాకుళం జిల్లాలో శ్రీముఖలింగం దగ్గర ఊరు. నేను ఇక్కడ జర్మనీలో వరద మ్యాపులు తయారుచేసే ఆఫీసులో జీఐఎస్ పని, అంటే కంప్యూటర్‌లో మ్యాపులు గీసే పని, చేస్తున్నాను. మా వైపు నుంచి విదేశాలకి వెళ్ళేవాళ్ళలో వెల్డర్లు, ఫిట్టర్లే ఎక్కువ కాబట్టి, మ్యాపులు గీసినందుకు జీతం ఇస్తారంటే ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

యూరప్ వాళ్ళు మొదట్నుంచీ ఇలా సమాచారం పంచుకుంటూ వచ్చారని అనుకోకండి. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దగ్గర రసాయనాల గోదాం తగలబడింది. మంటలు ఆర్పిన నీళ్ళు పురుగుమందుల్ని మోసుకుని రైన్‌లో కలిశాయి, నది ఎర్రబడింది, దిగువన వందల కిలోమీటర్ల దాకా చేపలు చచ్చాయి. దిగువ దేశాల జనం గట్టిగా అడిగాకే 1987లో నదిని బాగుచేసే ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. తర్వాత 1993లో, 1995లో కొలోన్ పాతబస్తీ మునిగింది. 2001లో రైన్ దేశాలన్నీ కలిసి నది పొడుగునా ముంపు అట్లాస్ వేశాయి. 2007లో యూరోపియన్ యూనియన్ చట్టమే చేసింది: 2013 చివరికల్లా వరద మ్యాపులు ఉండాలి, పొరుగు దేశంతో మాట్లాడుకుని చెయ్యాలి, జనానికి కనబడాలి.

ఇంత చేసినా 2021 జులైలో జర్మనీలోనే ఆర్ లోయలో 130 మందికి పైగా చనిపోయారు. ఆర్ అంటే రైన్‌లో కలిసే చిన్న ఏరు, మన గెడ్డ కన్నా కాస్త పెద్దది. అక్కడ 1804లోనూ 1910లోనూ భయంకరమైన వరదలు వచ్చినట్టు ఊళ్ళలో అందరికీ తెలుసు. కానీ సర్కారు మ్యాపులు కొలత పరికరం పెట్టిన తర్వాతి లెక్కలతోనే తయారయ్యాయి కాబట్టి ఆ పాత వరదలు వాటిలోకి ఎక్కలేదు. ఆ తర్వాత మా పని తీరే మారింది. ఊరి హాల్లో టేబుల్ మీద పెద్ద మ్యాప్ పరిచి, పెన్నులు ఇచ్చి, పెద్దవాళ్ళని కూర్చోబెడుతున్నాం. ఒక ముసలాయన వంతెన దగ్గర అడ్డంగా గీత గీసి, "దుంగలు ఇక్కడ పేరుకున్నాయి, అందుకే నీళ్ళు ఇటు తిరిగి మా వీధిలోకి వచ్చాయి" అన్నాడు. కంప్యూటర్ లెక్కలో వంతెన కింద దారి ఖాళీగా ఉంది. శాటిలైట్‌కి గానీ, లెక్కలకి గానీ తెలియని సంగతి ఆ ఒక్క గీతలో ఉంది.

మన దగ్గర ఇది ఇంకా అవసరం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకూలిన సంగతి అందరూ చూశారు. ఒడిశా కొండల మీద కురిసిన వాన వంశధారలోకి దిగి హిరమండలం, కొత్తూరు వైపు పొలాల మీద పడింది. యూరప్ వాళ్ళ సెంటినెల్ శాటిలైట్ రాడార్ మబ్బుల్లోంచి కూడా చూడగలదు, ఆ బొమ్మలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. పైన ఏ అడ్డూ లేని నీళ్ళు అందులో నల్లగా కనిపిస్తాయి. కానీ అక్టోబర్‌లో వరి పొట్ట మీదో, వెన్ను మీదో ఉంటుంది. రాడార్ తరంగం ఆ పైరుకి తగిలి చెదిరిపోతుంది, దాని కింద మోకాల్లోతు నీళ్ళు నిలిచి ఉన్నా నమ్మకంగా చెప్పలేదు. ఆ నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయో, ఏ మదుం (తూము) దగ్గర గండి పడిందో చెప్పగలిగేది ఆ రైతే.

అందుకే సాయంత్రాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా వైపు చెరువులు, గెడ్డలు, కాలువలు గీస్తున్నాను. ఇది 2004 నుంచి జనం కలిసి గీసుకుంటున్న మ్యాప్, ఎవరైనా వాడుకోవచ్చు. మన దేశంలో కూడా 2021 ఫిబ్రవరిలో మ్యాపుల నిబంధనలు బాగా సడలించారు. పేర్లు మావయ్య వాట్సాప్‌లో వాయిస్ పెడతాడు. గుణుపురం వైపువి పిన్ని కొడుకు ఊళ్ళు తిరిగి అడిగి ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పంపిస్తాడు. వాడికి రెండు భాషలూ ఇంట్లో భాషలే.

గీయడం పెద్ద కష్టం కాదు, జనానికి నమ్మకం కలిగించడమే కష్టం. ఎగువ వాళ్ళకి ఒక భయం ఉంది: వంశధార మీద ఆంధ్రా కట్టాలనుకున్న నేరడి బ్యారేజీ గొడవ మీద 2010లో ట్రిబ్యునల్ వేస్తే 2017లో తీర్పు వచ్చింది, అన్నేళ్ళు నీళ్ళంటే కోర్టు కాగితమే అయిపోయింది కాబట్టి, మేం చెప్పింది రేపు ఆంధ్రా వాళ్ళు మా మీదే వాడతారేమో అంటారు. దిగువన మా వాళ్ళ భయం వేరు. ముంపు భూమి అని మ్యాప్‌లో పడితే రేటు పడిపోతుందని, బ్యాంకులో అప్పు పుట్టదని. రెండూ ఉత్తుత్తి భయాలు కావు. అందుకని సర్వే నంబర్లు, మనుషుల పేర్లు వద్దన్నాం. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి, ఏ ఏడు, ఎన్నాళ్ళు ఉన్నాయి, ఏ దారి తెగింది, ఇవి చాలు. ఏది మ్యాప్‌లోకి ఎక్కాలో, ఏది ఎక్కకూడదో చెప్పినవాళ్ళే నిర్ణయించాలి.

ఇంకో మాట మనసులో పెట్టుకుని చేస్తున్నాను. కిడ్నీ జబ్బు మీద పరిశోధన అని ఉద్దానంలో ఊరూరా తిరిగి నీళ్ళు, నెత్తురు శాంపిళ్ళు తీసుకెళ్ళారు. "పట్టుకెళ్ళినోళ్ళు మళ్ళీ రాలేదు, ఏం తేలిందో చెప్పలేదు" అని మా అత్తగారి ఊరి వాళ్ళు నాతో ఎన్నోసార్లు అన్నారు. జనం దగ్గర తీసుకున్నది జనానికి తిరిగి చేరకపోతే, దానికి ఎంత గొప్ప పేరు పెట్టినా అది దోచుకోవడమే అని నా గట్టి నమ్మకం. వెబ్‌సైట్‌లో పెట్టేశాం, చూసుకోండి అంటే చేరినట్టు కాదు. మా అమ్మ వెబ్‌సైట్ తెరవదు, గోడ మీద ఉంటే చూస్తుంది. కాబట్టి పెద్ద షీట్లు ప్రింటు తీయించి పంచాయతీ ఆఫీసులో, బడిలో అంటించమంటున్నాను, పక్కన పెన్ను కట్టి మరీ. ఎగువ ఊళ్ళ షీటు దిగువన ఉండాలి, దిగువది ఎగువన ఉండాలి.

గుణుపురం, కాశీనగర్, భామిని, కొత్తూరు, హిరమండలం, జలుమూరు వైపు వాళ్ళెవరైనా ఉంటే ఒక్క పని చేసి పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళని 1980 వరదలోనూ, తిత్లీలోనూ నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో చూపించమనండి. అక్కడ గీత గీసి, సంవత్సరం రాసి, నేల నుంచి ఎత్తు టేపుతో కొలిచి, ఫోటో తీసి ఉంచండి. మీ ఊరి షీటు అతికించినప్పుడు ఆ కొలత అందులో ఎక్కించుకోవచ్చు.